ఇంట్లో పెంచిన గంజాయి, పోయిన కరెంటు: రోగి ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

(రోగుల బంధువుల కొరకు జరిగిన నెలవారీ ఆరోగ్య అవగాహన సమావేశంలో మన ఆసుపత్రి నర్సింగు సిస్టరు ఇచ్చిన ప్రసంగ పాఠము)

వెనక నిలబడ్డవారు ముందుకు వచ్చి కూర్చోండి. లోపల సెలైను ఎక్కుతున్న మనిషిని ఒంటరిగా వదిలి వచ్చినవారు మధ్యలో లేచి వెళ్ళి చూసుకుని రావచ్చు, నేనేమీ అనుకోను.

ఈ నెల విషయం గంజాయి అని బోర్డు మీద రాసినప్పుడు ఒకావిడ ఆగి చదివి, "మా ఇళ్ళల్లో గంజాయెక్కడిది సిస్టరుగారూ, బీ.పీ. గురించో షుగరు గురించో చెప్పొచ్చు గదా" అన్నారు. ఆవిడ అన్నది సబబే. కాని గడచిన కొన్నేళ్ళలో నన్ను వార్డులో పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఒకే ప్రశ్న అడిగినవారు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ గంజాయి తాగే మనుషులు కారు. మంచం మీద ఉన్న తండ్రి బాధ చూడలేనివారు. "మా అబ్బాయి కెనడాలో ఉన్నాడు. అక్కడ గవర్నమెంటే ఒప్పుకుందట. కుండీల్లో ఇంట్లోనే పెంచుతున్నారట. మందులు కొట్టని సరుకట. నాన్నకి నొప్పికి, వాంతులకి కాస్త ఇస్తే తప్పా?" ఇదీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెబుతాను. ఇవ్వకూడదు. మరీ ముఖ్యంగా, కరెంటు పోయిన ఇంట్లో పెరిగిన మొక్కదైతే అసలే ఇవ్వకూడదు. కరెంటుకీ గంజాయికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంబంధం చెప్పడానికే ఈ పూట మిమ్మల్ని కూర్చోబెట్టాను.

కెనడాలో 2018 అక్టోబరు 17 నుండి పెద్దవారు గంజాయి వాడటం చట్టసమ్మతమైంది. దేశపు చట్టం ప్రకారం ఒక ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకోవచ్చు. అన్ని రాష్ట్రాల్లో ఒకే రీతి లేదు. క్విబెక్‌లో ఇంట్లో పెంచటం నిషేధం, ఆ నిషేధం చెల్లుతుందని 2023లో అక్కడి సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మన పిల్లలు నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఇళ్ళల్లో మన పిల్లవాడు పెంచకపోయినా పక్క గదివాడు పెంచవచ్చు. అది చలి దేశం. మొక్కకు ఏడాది పొడవునా ఎండ దొరకదు. అందుకని చాలామంది ఇంటి కింద ఉండే బేస్‌మెంటులో, అంటే నేలమాళిగలో, ఒక గుడారం లాంటిది కట్టి అందులో పెంచుతారు. పైన గంటల తరబడి వెలిగే పెద్ద లైట్లు, గాలి ఆడటానికి ఫ్యాన్లు, తేమ లాగడానికి ఒక యంత్రం. మొత్తం కరెంటు మీద నిలబడిన తోట అది. ప్లగ్గు తీసేస్తే తోట లేదు.

ఇప్పుడు హుద్‌హుద్ గుర్తు చేసుకోండి. 2014 అక్టోబరు 12. విశాఖలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. స్తంభాలు వరసగా పడుకున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు ఆడక నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు కోసం క్యూ కట్టాం. ఫ్రిజ్‌లో ఇన్సులిను పాడవుతుందని ఐసు ముక్కల కోసం ఊరంతా తిరిగినవారు నాకు తెలుసు. మూసి ఉన్న ఇళ్ళల్లో నాలుగో రోజుకే గోడలకు బూజు, దిళ్ళకు ముక్క వాసన. ఆ వాసన ఒకసారి చూసినవారు మరిచిపోరు.

కెనడా తూర్పు తీరాన అటువంటిదే 2022లో వచ్చింది. దాని పేరు ఫియోనా. సెప్టెంబరు 24న తీరం దాటింది. ఆ తీరపు రాష్ట్రాలన్నీ కలిపి ఐదు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అని ఒక చిన్న దీవి ఉంది, మన విద్యార్థులు కూడా అక్కడికి వెళుతున్నారు. ఆ దీవి దాదాపు మొత్తం చీకటైంది. కొన్ని ఇళ్ళకు రెండు వారాలు దాటినా కరెంటు రాలేదు.

ఆ దీవిలో ఉన్న ఒక కుర్రవాడి తండ్రి ఆ శీతాకాలం మన వార్డులో ఉన్నారు. పేరు, ఊరు చెప్పను. రక్తపు క్యాన్సరు. కీమోథెరపీ నడుస్తోంది, తెల్లరక్తకణాలు బాగా పడిపోయాయి. ఒకనాటి సాయంత్రం ఆ తల్లి నా దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, మావోడు డిసెంబరులో వస్తన్నాడు. సీసాడు ఎండబెట్టి ఉంచాడంట. తెమ్మంటారేటి?" అని అడిగారు. ఏమిటమ్మా అంటే ఫోను కలిపి నా చేతికిచ్చారు. అబ్బాయి చదువుకున్నవాడు, మర్యాదగా మాట్లాడాడు. తండ్రి మీద ప్రాణం. తను, రూమ్మేటు కలిసి బేస్‌మెంటులో నాలుగు మొక్కలు పెంచారట. పురుగుమందు చుక్క కూడా కొట్టలేదట. పువ్వులు విచ్చుకునే వేళకు తుపాను వచ్చి, పదకొండు రోజులు కరెంటు లేదు. లైట్లు లేవు, ఫ్యాన్లు లేవు, కింద నీళ్ళు ఊరి గచ్చు తడిసిపోయింది. రెండు మొక్కలు కుళ్ళిపోతే పారేశారు. మిగిలిన రెండింటిలో కుళ్ళిన కొమ్మలు కోసేసి, బాగున్న పువ్వులు తాడుకు కట్టి ఆరబెట్టి, సీసాలో పెట్టారు. "బాగున్నవి మాత్రమే ఉంచాను సిస్టర్, బయట ఒక్క మచ్చ లేదు" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగాను. బయట మచ్చ లేకపోవటం అనేది గంజాయి పువ్వు విషయంలో సాక్ష్యం కాదు. ఆ పువ్వు మన బంతిపువ్వులాగా విడిగా ఉండదు, రేకులన్నీ కలిసి జిగురుగా గట్టి ముద్దలా ఉంటుంది. తేమ లోపల నిలుస్తుంది. బొట్రైటిస్ అనే బూడిదరంగు బూజు ఆ ముద్ద లోపలే పుట్టి, లోపలి నుండి తింటూ బయటికి వస్తుంది. పైకి కనపడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. ఉల్లిపాయ కొన్నిసార్లు పైన నిగనిగలాడుతూ కోసి చూస్తే మధ్యలో నల్లగా ఉండటం మీరు చూసే ఉంటారు. అలాంటిదే. ఆకుల మీద పిండి చల్లినట్టు వచ్చేది ఇంకొకటి, మన రైతులు బూడిద తెగులంటారు. ఈ రెండూ మొక్కకు చేసే చెరుపే ఎక్కువ. నాకు భయమున్నది మూడోదానితో. దాని పేరు ఆస్పర్జిల్లస్.

ఆస్పర్జిల్లస్ ఎక్కడో అడవిలో ఉండేది కాదు. ఈ గదిలోని గాలిలో కూడా దాని రేణువులు ఉంటాయి. మనం రోజూ పీలుస్తూనే ఉన్నాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరితిత్తులు వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తాయి. ఆ ఊడ్చే పనివాళ్ళు తెల్లరక్తకణాలు. కీమో ఇచ్చినప్పుడు ఆ పనివాళ్ళే ఉండరు. అప్పుడు అదే రేణువు ఊపిరితిత్తిలో మొలకెత్తి, వేళ్ళు తన్ని, రక్తనాళాల్లోకి పాకుతుంది. జ్వరం, దగ్గు, కఫంలో రక్తం. మందులు ఉన్నాయి, ఖరీదైనవి, వారాల తరబడి ఇవ్వాలి, ఇచ్చినా కొందరు దక్కరు. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న ఒక రోగి గంజాయి తాగి ఈ జబ్బుతోనే చనిపోయిన సంగతిని అమెరికా వైద్యులు 1988లోనే వైద్యపత్రికలో ప్రకటించారు. ఆ రోగి తాగిన గంజాయిలో ఆ బూజు దొరికింది.

మీలో కీమో రోగుల తాలూకు వారున్నారు. పోయిన వారం ఒకాయన పూలగుత్తి తెస్తే గుమ్మం దగ్గరే తీసేసుకున్నాం, ఆయన నొచ్చుకున్నారు. కణాలు తక్కువున్న రోగి గదిలోకి పూలు, కుండీలు ఎందుకు రానివ్వమంటే ఈ బూజు, క్రిములు వాటి నీటిలో, మట్టిలో ఉంటాయనే. తొక్క తీయని పండు పెట్టవద్దని మీ వెంట పడుతున్నాం. అటువంటి రోగి ఊపిరితిత్తుల్లోకి పదకొండు రోజులు చీకట్లో, తడి గచ్చు మీద నిలబడిన మొక్క పువ్వును నేరుగా పంపటమంటే ఏమనాలి?

"కాలుస్తాం గదా, నిప్పులో బూజు చావదా?" అని అడిగారు ఒకరు. కాలేది చివర నిప్పు ఉన్నంత మేరే. పొగ పీల్చినప్పుడు ఇంకా కాలని భాగం గుండా వస్తుంది, దానితో పాటు బతికున్న రేణువులూ వస్తాయి. "అయితే వంటలో వేస్తే?" అంటారు. గట్టిగా వేడి చేస్తే బూజు చావవచ్చు. కాని కొన్ని బూజులు విషం కక్కుతాయి, ఆ విషం వంట వేడికి పోదు. బూజు పట్టిన వేరుశనగ గింజలు వేయించినా తినకూడదని మనవాళ్ళు ఎందుకంటారు? అందులోని అఫ్లాటాక్సిన్ వేయించినా ఉంటుంది, కాలేయాన్ని పాడుచేస్తుంది. ఆ విషం చేసేది ఈ ఆస్పర్జిల్లస్ కుటుంబమే.

దుకాణంలో కొన్నదైతే పూర్తిగా నిర్భయమా అంటే అదీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ వైద్యులు 2017లో అమ్మకానికి ఉన్న 20 గంజాయి నమూనాలు పరీక్షిస్తే వాటిల్లో ఆస్పర్జిల్లస్, మ్యూకర్, ఇంకా నిమోనియా తెచ్చే బాక్టీరియా బయటపడ్డాయి. మ్యూకర్ అంటే మీకు తెలుసు. 2021 వేసవిలో కోవిడ్ తగ్గిన షుగరు రోగులకు కళ్ళు, దవడలు తీసేసిన బ్లాక్ ఫంగస్ జాతి అదే. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారు 2016 నాటి బీమా రికార్డులు తిరగేసి చూస్తే, గంజాయి వాడినట్టు నమోదైనవారిలో ఫంగస్ జబ్బులు మిగతావారికంటే మూడున్నర రెట్లు కనిపించాయి. గంజాయే కారణమని దానితోనే తేల్చలేం, వారే ఆ మాట రాశారు. కాని దుకాణపు సరుకును కనీసం పరీక్షకు పంపుతారు. ఇంటి సీసాను ఎవరు పరీక్షిస్తారు? "ఇంట్లో పెంచింది" అంటే మనకు వెంటనే పెరటి తోటకూర గుర్తుకు వస్తుంది, నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకమే ఇక్కడ మోసం చేస్తోంది.

ఎవరెవరికి ఈ ముప్పు ఎక్కువో వినండి. కీమో తీసుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి అయినవారు, స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడుతున్నవారు, హెచ్.ఐ.వి. ఉండి కణాలు పడిపోయినవారు, అదుపులో లేని షుగరు ఉన్నవారు. పాత టీబీతో ఊపిరితిత్తుల్లో గుల్లలు పడినవారిని విడిగా చెబుతాను. మన దేశంలో వీరు చాలామంది. టీబీ నయమై పదేళ్ళయినా ఆ గుల్ల అలాగే ఉంటుంది, అందులో ఆస్పర్జిల్లస్ బంతిలాగా కూడుకుంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి రక్తం కక్కుతారు. ఇంటివారు టీబీ తిరగబెట్టిందనుకుంటారు.

మందులతో తగాదా మరొకటి. గంజాయి నూనె అని, సీ.బీ.డీ. నూనె అని చిన్న సీసాల్లో వస్తున్నవి కూడా కాలేయంలో ఇతర మందులు కరిగే దారికి అడ్డం పడతాయి. గుండె వాల్వు మార్చుకున్నవారు వాడే వార్ఫరిన్ మోతాదు రక్తంలో పెరిగి రక్తస్రావం కావచ్చు. కిడ్నీ మార్పిడివారి టాక్రోలిమస్ మోతాదు పెరిగి ఆ కొత్త కిడ్నీకే చెరుపు జరగవచ్చు. మూర్ఛ మందుల్లో కొన్నిటితోనూ ఇంతే. వాంతులకు గంజాయి అంటారు గాని, ఏళ్ళ తరబడి వాడినవారికి అదే ఆగని వాంతులు తెస్తుంది. వేడినీళ్ళ స్నానం చేస్తే గాని తగ్గదు వారికి, గంటల తరబడి బాత్‌రూములో ఉంటారు. కీమో వాంతులకు గంజాయిలోని పదార్థాన్ని పోలినదాన్ని మాత్రగా చేసి అమెరికాలో 1985లోనే అనుమతించారు, నిజమే. అది కొలిచి, శుద్ధి చేసి, డాక్టరు రాసే మాత్ర. దాన్ని చూపించి సీసాలోని పువ్వును సమర్థించటం కుదరదు. మన దగ్గర వాంతులకు మంచి మందులు ఉన్నాయి. ఇచ్చినా తగ్గకపోతే అడగండి, మారుస్తారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు కూడా మన ఆసుపత్రిలో ఇస్తారు. నొప్పి ఓర్చుకోవటం గొప్ప అనుకుని రోగి చెప్పకుండా ఉంటే, కొడుకు సీసా వెతుక్కుంటాడు.

ఆ కుర్రవాడితో ఇదంతా ఫోనులో నేను చెప్పలేదు. ఇంత చెప్పే సమయం కాదు అది. "బాబూ, మీ నాన్నగారి గదిలోకి మేము మల్లెపూలు కూడా రానివ్వం. అది తీసుకురావద్దు. విమానాశ్రయంలో దొరికితే నీ చదువూ పోతుంది, నాన్నగారికి ఆ బెంగ ఒకటి" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే సిస్టర్" అన్నాడు.

ఫోను పెట్టాక తల్లి ఇంకొక సంగతి చెప్పారు. అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. తుపాను రోజుల్లో అబ్బాయి కారులో ఫోను చార్జి చేసుకుని ఇంటికి చేసేవాడట. "మాటకి ముందు అరుపులే సిస్టరమ్మా. తిండి సయించడం లేదనేవోడు. రాత్రులు నిద్దర లేదు, సెమటలు పడుతున్నాయనేవోడు. కరెంటు లేక పాపం అనుకున్నాం" అన్నారు. అక్కడ సెప్టెంబరు ఆఖరంటే చలి మొదలైన రోజులు. చలిలో చెమటలెందుకు పడతాయి? రోజూ గంజాయి వాడే మనిషికి అది ఉన్నట్టుండి అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ఇవన్నీ మొదలవుతాయి. చికాకు, నిద్రలేమి, ఆకలి చావటం, చెమటలు, చెడ్డ కలలు. మొదటి వారంలో తీవ్రంగా ఉండి, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఇంట్లోని పాత సరుకు అయిపోయి, కొత్తది కుళ్ళిపోయి, బయట దుకాణాలు మూతపడిన రోజుల్లో ఎందరి రహస్యం ఇలా బయటపడి ఉంటుందో! నాన్న కోసం పెంచానన్నాడు గాని, అతనికీ అలవాటు ఉందని ఆ తల్లికి అప్పటికి అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

మీ పిల్లల విషయంలో ఇటువంటి అనుమానం వస్తే ఫోనులో కేకలు వేయకండి. "నిద్ర పట్టడం లేదా నాన్నా, ఎన్నాళ్ళుగా?" అని అడగండి. ఎన్నిసార్లు తాగుతున్నావని కూడా అడగవచ్చు, అడిగినందువల్ల కొత్తగా అలవాటు కాదు. పాతికేళ్ళ లోపు మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో రోజూ వాడితే చదువు, జ్ఞాపకం దెబ్బతింటాయి. ఇంట్లో ఎవరికైనా మతిభ్రమ జబ్బు ఉన్నవారి పిల్లలకు మరీ ప్రమాదం. చెవిలో మాటలు వినపడటం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనటం మొదలైతే అది అలవాటు దశ దాటింది, వెంటనే డాక్టరుకు చూపించాలి.

కరెంటు పోయిన ఇంట్లో ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. ఇవి గంజాయి లేని ఇళ్ళకూ పనికొస్తాయి, మన తుపాన్లకూ పనికొస్తాయి.

ఒకటి జనరేటరు. మొక్కలు చచ్చిపోతున్నాయని, ఫ్రిజ్ ఆగిపోయిందని జనరేటరు తెచ్చి, వాన తగలకుండా గ్యారేజీలోనో, వరండాలోనో, బేస్‌మెంటులోనో పెడతారు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత, తర్వాత స్పృహ తప్పటం. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసులో మంచు తుపానుకు రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, ఇంట్లో బొగ్గులు రాజేసుకునీ, గ్యారేజీలో కారు ఆన్ చేసుకునీ ఈ వాయువుతో చనిపోయినవారున్నారు. గంజాయి మత్తులో ఉన్న మనిషికి తల తిరిగితే మత్తు వల్లే అనుకుని అక్కడే పడుకుంటాడు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ముందు అందరూ బయటికి వచ్చేయాలి, కారణం తర్వాత వెతకవచ్చు. జనరేటరు ఇంటి బయట, కిటికీలకూ తలుపులకూ కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. మన దగ్గర షట్టరు దించిన షాపులో జనరేటరు నడిపేవారు ఉన్నారు, వాళ్ళకూ చెప్పండి. బాలింత గదిలో తలుపులన్నీ బిగించి కుంపటి పెట్టేవారికి కూడా.

రెండోది పసిపిల్లలు. అక్కడ గంజాయి వేసి బిస్కట్లు, చాక్లెట్లు, కేకులు ఇంట్లోనే చేసి ఫ్రిజ్ పైగదిలో దాస్తారు. కరెంటు పోగానే ఫ్రిజ్‌లోనివన్నీ తీసి బల్ల మీద పరుస్తారు, పాడవక ముందే తినేద్దామని. చీకట్లో, పేరు రాయని డబ్బాలో ఏది ఏదో ఎవరికి తెలుసు? మనవడిని చూసుకోవడానికి వెళ్ళిన అమ్మమ్మలు, నానమ్మలు ఇది గుర్తుంచుకోవాలి. కెనడాలో తినే గంజాయి అమ్మకం మొదలైన తర్వాత పదేళ్ళలోపు పిల్లలు దాన్ని తిని ఆసుపత్రిలో చేరటం బాగా పెరిగిందని 2022లో వైద్యులు లెక్కకట్టి చెప్పారు. తిన్న గంజాయి వెంటనే ఎక్కదు, అరగంట నుండి రెండు గంటలు పడుతుంది, పన్నెండు గంటల దాకా కూడా ఉండవచ్చు. ఏమీ కాలేదని పెద్దవాళ్ళు ఇంకో ముక్క తింటారు, అక్కడ పడతారు. పిల్లవాడు తూలుతున్నా, లేపినా లేవకపోయినా, ఊపిరి మందగించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏం తిన్నాడో దాచకూడదు. దాస్తే డాక్టర్లు మెదడు జ్వరమని నడుములో సూది పొడిచే పరీక్షలన్నీ చేయవలసి వస్తుంది, అసలు సమయం పోతుంది.

ఇక మన ఊళ్ళ సంగతి. గంజాయి మొక్క మన దేశంలో లైసెన్సు లేకుండా ఒక్కటి పెంచినా నేరమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పదేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. కొడుకు తాగి పారేసిన గింజలు మేడ మీద కుండీలో మొలిస్తే, బంతి మొక్కనుకుని నీళ్ళు పోసిన తల్లులు ఉన్నారు. ఆకు చూడటానికి కొంచెం అలాగే ఉంటుంది. ఇంటి ముసలివారు "పశువులకి విరేచనాలకి పెట్టేవాళ్ళం, దానికేటవుద్ది" అంటారు. పీకేయించండి. మన్యం నుండి వచ్చే సరుకు గురించి నేను వేరే చెప్పనక్కరలేదు, పేపర్లలో రోజూ చూస్తున్నారు. పచ్చిగా నొక్కి, పాలిథీన్ చుట్టి, దాని మీద టేపు చుట్టి, లారీల్లో రోజుల తరబడి తిప్పే పొట్లంలో తేమ ఎక్కడికి పోతుంది? కెనడా బేస్‌మెంటులో జరిగిందే అందులోనూ జరుగుతుంది.

అలవాటు పడిన పిల్లవాడిని చికిత్సకు తెస్తే పోలీసులు పట్టుకుంటారేమోనని భయపడేవారున్నారు. తనంతట తాను చికిత్సకు వచ్చి, పూర్తి చేసుకునే అలవాటుదారుకు, అతని మీద ఉన్నది వాడకం కేసో చిన్న మొత్తం కేసో అయితే, శిక్ష నుండి రక్షణ ఆ చట్టంలోనే 64ఎ సెక్షనులో ఉంది. మత్తు మానిపించే సలహాకు 14446 నంబరుకు ఫోను చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మనసు బాగాలేనివారికి 14416. ఈ రెండూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం, ఫోనులో ఎక్కించుకోండి.

ఆ పెద్దాయన సంగతి అడుగుతారు మీరు. ఆ విడత కీమో అయ్యాక కణాలు కోలుకుని ఇంటికి వెళ్ళారు. తర్వాతి విడతకు కొడుకు వచ్చాడు, సీసా లేకుండానే. మూడు రాత్రులు తండ్రి పక్కన కింద చాప వేసుకుని పడుకున్నాడు. నాలుగో రోజు ఓ.పీ.లో మానసిక వైద్యుల గది ఎటు అని మా జూనియరు సిస్టరును అడిగాడు. ఆమె తీసుకువెళ్ళి కూర్చోబెట్టి వచ్చింది.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఒకటుంది. రోగిని చేర్చేటప్పుడు ఏ మందులు వాడుతున్నారని మేము అడుగుతాం. బీ.పీ. మాత్ర, షుగరు మాత్ర చెబుతారు. ఆకు మందు, పసరు, నూనె, కొడుకు పంపినది, పక్కింటాయన ఇచ్చినది కూడా చెప్పండి. గంజాయి అయితే గంజాయి అనే చెప్పండి. మీ కేసు షీటు పోలీసు స్టేషనుకు పోయేది కాదు, డాక్టరు కోసం రాసుకునేది. ఆపరేషను ఉన్నవారైతే మత్తు ఇచ్చే డాక్టరుగారికి తప్పక తెలియాలి, ఎందుకంటే రోజూ గంజాయి వాడేవారికి మత్తు మోతాదు మారుతుంది, గుండె వేగం మీద కూడా కన్నువేసి ఉంచాలి. అందరి ముందు చెప్పటానికి సిగ్గయితే రాత్రి ఎనిమిది దాటాక, వార్డు సద్దుమణిగాక, డ్యూటీ సిస్టరు బల్ల దగ్గరికి రండి. ఇప్పుడు ఎవరికైనా అడగవలసినవి ఉంటే అడగండి. ఆ మూల కూర్చున్న అమ్మగారు ఇందాకటి నుండి చెయ్యెత్తుతున్నారు, ముందు ఆవిడను అడగనివ్వండి.